తోడుగోడ

మా పలకలగుట్ట హైస్కూలు చూడటానికి వచ్చేవాళ్లంతా ఒకే చోట ముఖం చిట్లిస్తారు. ఆరో తరగతి గదిలోకి అడుగు పెట్టగానే అబ్బో అంటారు. ఎనిమిదో తరగతి గోడల మీద చెయ్యి వేసి ఫోటోలు దిగుతారు. తొమ్మిదికి వచ్చేసరికి కొంచెం తగ్గుతారు. పదో తరగతి గుమ్మంలో మాత్రం ఆగిపోతారు. అక్కడ ఫ్యాను కిర్రుకిర్రుమంటూ తిరుగుతుంది. ఒక గోడకి సున్నం, ఇంకో గోడకి ఎక్కడో మిగిలిపోయిన ఆకుపచ్చ రంగు. ఒక బెంచీ కుంటుతుంది. కిటికీ తలుపు గాలికి టపటపా కొట్టుకుంటుంది. దాని పక్కన గూట్లో అరచేతిలో పట్టేంత పలకరాయి ముక్క ఒకటి ఉంటుంది. ఎవరికి చిరాకేస్తే వాళ్లు లేచి దాన్ని కిటికీ సందులో పెట్టుకుంటారు. ఆ రాయిని నేనే ఒక పరీక్ష సెంటరు నుంచి ఎత్తుకొచ్చాను.

ఈ గదికి ఇంకా మరమ్మతులు కాలేదా మేడం అని అడుగుతారు పాపం. అయ్యాయి బాబూ, అన్ని గదులకన్నా ఎక్కువ బుర్ర పెట్టి కట్టింది దీన్నే అంటాను. రిటైర్మెంటు దగ్గరపడ్డ హెడ్మిస్ట్రెస్ కదా, ఏదో అంటుందిలే అన్నట్టు చూస్తారు. నమ్మనివాళ్లని కూర్చోబెట్టి మొత్తం చెప్తాను. లెక్కల పాఠం తర్వాత నాకు ఇష్టమైన పని అదే.

మా ఊళ్లో నేల తవ్వితే రాయి పొరలు పొరలుగా వస్తుంది. ఒకప్పుడు పిల్లలు ఓనమాలు దిద్దుకునే పలకలు ఆ రాయితోనే చేసేవాళ్లు. చేతుల్లోకి తెరలు వచ్చాక పలకలు పోయాయి. ఇప్పుడు రాయిని బిళ్లలుగా కోసి ఇళ్ల నేలకీ గోడలకీ పంపిస్తున్నారు. కోయగా రాలిన పొడి ఊరి చుట్టూ గుట్టలుగా పడి ఉండేది. గాలి లేచిందంటే ఊరంతా బూడిద రంగు, ఆరేసిన బట్టలతో సహా.

మా చెల్లెలు సుభాషిణి ఆ గుట్టల్ని చూస్తూనే పెరిగింది. పెద్దయ్యాక బిల్డింగులు గీయడం నేర్చుకుంది. అంతటితో ఊరుకోకుండా, మనిషి మెదడు దేన్ని ఎక్కడ దాచుకుంటుందో తేల్చే ఒక ప్రయోగశాలలో చేరింది బెంగళూరులో. గదికీ చదువుకీ ఉన్న సంబంధం మీద దాని పని. ప్రభుత్వం వాళ్లు ఒక బడి ఇస్తాం, చేసి చూపించు అంటే మా బడి పేరు రాసిచ్చింది. నన్ను ఒక్క మాట అడగలేదు. అడిగి ఉంటే ముందు మరుగుదొడ్లకి నీళ్లు రప్పించవే అని ఉండేదాన్ని.

అప్పటి మా బడి రేకుల షెడ్డు. వానొస్తే పాఠం ఆపేసి పిల్లలూ నేనూ ఒకరి ముఖాలు ఒకరం చూసుకునేవాళ్లం. మధ్యాహ్నం నల్లబల్ల మీద ఎండ పడి సగం అక్షరాలు కనిపించేవి కావు. వెనక బెంచీలకి నా గొంతు అందాలంటే అరవాలి. అరిస్తే తిట్టినట్టుండేది. ఇలాంటి గదిలో కూర్చున్న పిల్లకి చదువు రాలేదంటే తప్పు పిల్లదా, గదిదా అని సుభాషిణి అడిగేది. ఆ ఒక్క మాటకే ఒప్పుకున్నాను.

గుట్టల్లో పొడి తీసి, అందులో ఏవేవో కలిపి గోడబిళ్లలు పోసింది. పైకి చూస్తే మామూలు నల్లగోడ. లోపల దారాల్లాంటి సన్నటి గొట్టాలు, వాటి నిండా నీళ్లు. గోడ పిల్లల ఊపిరి వింటుంది, చూపులు ఎటు పోతున్నాయో కనిపెడుతుంది. పిల్లలు దానికి తోడుగోడ అని పేరు పెట్టుకున్నారు. మా సోషల్ మాస్టారు తోడికోడలు అని వెక్కిరించేవాడు కానీ, తన పీరియడు అయిపోయినా ఆ గదిలోంచి కదిలేవాడు కాదు.

మొదటి ఏడాది గోడ తొమ్మిదో తరగతి గదికే కట్టారు, పదో తరగతి ఇంకా రేకుల షెడ్డులోనే. మొదటి రోజు నేను తొమ్మిదికి త్రిభుజాలు మొదలుపెట్టాను. కాసేపటికి పిల్లల చూపులు చెదిరాయి. వెంటనే వెలుతురు గది మూలల్లోంచి జారి బల్ల మీదికి చేరింది. గోడ సన్నగా చెమర్చి గది చల్లబడింది. నేను మామూలుగా మాట్లాడుతుంటే వెనక బెంచీ పిల్లలు తలలు ఎత్తారు, నా గొంతు వాళ్ల పక్కనే ఉన్నట్టు వినిపిస్తోందట. లెక్క పట్టుబడి పిల్లలంతా ఒక్కసారి ఊపిరి వదిలిన క్షణాన్ని గోడ గుర్తుపెట్టుకుంది. ఆ వెలుతురు, ఆ చలవ, గోడ తడిసినప్పుడు వచ్చే ఆ రాతి వాసన, అన్నీ కలిపి ఆ పాఠానికి ఒక గాలి. మళ్లీ త్రిభుజాలు తీసిన రోజున గోడ అదే గాలి తెచ్చిపెట్టేది. పిల్లలకి పాఠం నిన్ననే విన్నట్టు నోటికొచ్చేసేది. నదుల పాఠానికి ఇంకో గాలి, గుండెకాయ పాఠానికి ఇంకొకటి. ఆ ఏడాది మా పిల్లలకి వచ్చిన మార్కులు చూసి పై అధికారులు పేపర్లు మళ్లీ దిద్దించారు. మళ్లీ అవే వచ్చాయి, నేను ఊరంతా తల ఎత్తుకుని తిరిగాను.

కాశింబీ ఆ తరగతి పిల్లే. రాయి కోసే షెడ్డులో మిషను నడిపే నాగూర్‌వలి కూతురు, నాయనమ్మ పేరు పెట్టుకున్నారు. రేకుల షెడ్డులో ఎనిమిదో తరగతి దాకా కునికిపాట్లు పడిన పిల్ల, కొత్త గదిలోకి రాగానే మనిషే మారిపోయింది. ఎటునుంచి ప్రశ్న వేసినా లేచి గడగడా చెప్పేసేది. చెప్పేటప్పుడు ఎడమ చెయ్యి గోడకి ఆనించేది, అదొక అలవాటు. ఎవరొచ్చినా ఆ పిల్లనే లేపేదాన్ని. నాకూ గొప్పే కదా.

పల్లెటూరి పిల్లలకి పదో తరగతి మార్కుల్ని బట్టి ట్రిపుల్ ఐటీలో సీటు ఇస్తారు. వచ్చిందంటే ఇంజనీరింగు అయ్యేదాకా అక్కడే ఉండి చదువుకోవచ్చు. మా బడి పుట్టిన దగ్గర్నుంచి ఒక్కరికీ రాలేదు. కాశింబీకి పక్కా అనుకున్నాం. నాగూర్‌వలి అయితే సీటు వచ్చేసినట్టే షెడ్డులో అందరికీ టీలు ఇప్పించాడు.

వాళ్లు అదే గదిలో పదో తరగతికి వచ్చాక, దసరా సెలవులు అయిపోయిన వారం ఒంగోలులో జిల్లా ప్రతిభా పరీక్ష జరిగింది. కాశింబీని నేనే బస్సులో తీసుకెళ్లాను. దారిలో ఒకటి రెండు ప్రశ్నలు వేస్తే తల అడ్డంగా ఊపింది. బస్సు పడక కడుపులో తిప్పుతోందేమో అనుకుని ఊరుకున్నాను. పరీక్ష హాల్లోంచి అందరికన్నా ముందు బయటికొచ్చింది. కాగితం మీద పేరు, నంబరు తప్ప ఏమీ రాయలేదట. తిరుగు ప్రయాణంలో కిటికీ వైపు తిరిగి కూర్చుని, మా ఊరు వచ్చేదాకా ముఖం చూపించలేదు.

కొత్త చోటు కదా, బెదిరిపోయి ఉంటుందని స్టాఫ్ రూములో అందరూ అన్నారు. దర్గాలో తాయెత్తు కట్టించమని ఒకరు సలహా ఇచ్చారు. పిల్ల మర్నాడు బడికి రాలేదు, ఆ మర్నాడూ రాలేదు. మూడో రోజు నాగూర్‌వలి రాతిపొడి బట్టలతోనే వచ్చి మా ఆఫీసు గుమ్మంలో నిలబడ్డాడు.

"పిల్ల చదువు వద్దంటా ఉంది మేడం. పరీక్ష కూడా రాయదంట. నేనేమన్నా అన్నానా అంటే లేదంటది. మీరేమన్నా అన్నారా?"

నేనేమీ అనలేదని చెప్పి చెప్పులేసుకుని అతని వెంట షెడ్డుకి నడిచాను. అక్కడ రంపం తిరుగుతోంది. రాయి వేడెక్కకుండా పైనుంచి నీళ్లు ధారగా పడుతున్నాయి, తుంపర ముఖానికి కొడుతోంది. కాశింబీ ఒక మూల కూర్చుని కోసిన బిళ్లల్ని పేరుస్తోంది. నన్ను చూసి లేచి నిలబడింది కానీ తల ఎత్తలేదు.

"నాకేం రాదు మేడం," అంది. "అదంతా గోడకే వచ్చు. నేను ఊరికే ఆనుకుని నిలబడ్డా, అంతే."

ఆ మాట గుండెల్లో గుచ్చుకుంది. నాకు బాధ కలిగితే అది ముందు కోపంగా బయటికొస్తుంది, ఇన్నేళ్లొచ్చినా ఆ బుద్ధి పోలేదు. గోడకే వస్తే గోడ పేరు మీదే హాల్ టికెట్ తెప్పిస్తాలేవే, నువ్విక్కడ రాళ్లు పేర్చుకో అన్నాను. మళ్లీ నేనే, ఇంతకీ ఒంగోలులో మొదటి ప్రశ్న ఏమిచ్చారు అని అడిగాను. పైథాగరస్ సిద్ధాంతం నిరూపించమన్నారట. అయితే నిరూపించు అన్నాను, విసుగుతో అన్నదే.

ఆ పిల్ల తడివేలితో ఒక బిళ్ల మీద త్రిభుజం గీసింది. లంబం దించింది. ఏ త్రిభుజానికి ఏది సరూపమో, ఏ భుజానికి ఏది నిష్పత్తో ఆ రంపం మోతలోనే చివరికంటా చెప్పేసింది. చెప్పేసి తన వేలి వైపు తనే తెల్లబోయి చూసుకుంది. నాగూర్‌వలి మిషను ఆపేశాడు.

నాకేదో అనుమానం తగిలింది. చెయ్యి పట్టుకుని రోడ్డు మీదికి తీసుకెళ్లి మళ్లీ చెప్పమన్నాను. ఎండలో నిలబడి నోరు తెరిచింది, ఒక్క ముక్క రాలేదు. కళ్లలో నీళ్లు తిరిగాయి. లోపలికి తెచ్చి రంపం వెయ్యమన్నాను. నీళ్లు పడి రాయి వాసన లేచేసరికి పిల్ల నోట్లోంచి సిద్ధాంతం దానంతట అదే వచ్చేసింది. అక్కడి నుంచే సుభాషిణికి ఫోన్ చేసి, ఎక్కడున్నా సరే బయల్దేరమన్నాను.

మర్నాడు మధ్యాహ్నానికి వచ్చింది. వస్తూనే పదో తరగతి పిల్లల్ని తోడుగోడ ముందు కూర్చోబెట్టి ప్రశ్నలు వేసింది. అందరూ పోటీలు పడి చెప్పారు. అలాగే లేపి ఊరి బయట బస్సు షెల్టరు దగ్గరికి నడిపించుకెళ్లి అవే ప్రశ్నలు మళ్లీ వేసింది. పిల్లలు ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు. ఒకరిద్దరు నవ్వారు, ఆ తర్వాత ఎవరూ నవ్వలేదు. సుభాషిణి షెల్టరులో సిమెంటు బెంచీ మీద కూలబడింది.

"మెదడు పాఠాన్ని ఒక్కదాన్నే దాచుకోదక్కా," అంది. "ఆ పూట చుట్టూ ఏముంటే దాన్నీ కలిపి మూట కడుతుంది. అందరికీ ఉండేదే అది. నేను ఆ ముడిని మరీ గట్టిగా వేసేశాను."

ఒక్కో పాఠానికి వెలుతురు వేరు, చలవ వేరు. తడిరాయి వాసన మాత్రం అన్నిటికీ ఉమ్మడి. అందుకే షెడ్డులో వచ్చిన చదువు ఒంగోలులో రాలేదు. మరి ఇన్ని పరీక్షలు పెట్టాం, ముందే ఎందుకు తెలియలేదంటే, అన్నీ ఆ గోడల మధ్యే పెట్టాం. బెంగళూరులో ప్రయోగం చేసినవాళ్లూ అంతే. పదో తరగతి పబ్లిక్ పరీక్ష సొంత బడిలో రాయనివ్వరనీ, ఇంకో ఊళ్లో ఇంకో బడిని సెంటరుగా వేస్తారనీ ఈ రాష్ట్రంలో చంటిపిల్లాణ్ణి అడిగినా చెప్తాడు. అన్నీ మారిపోయాయి కానీ ఆ పద్ధతి మారలేదు. ఇంత తెలివైన గోడని కట్టినవాళ్లలో ఒక్కరికీ అది గుర్తు రాలేదు. గోడ మరీ బాగుండటంతో బయట అనేది ఒకటుందనే అందరం మర్చిపోయాం.

సుభాషిణి ఓడిపోయి కూర్చునే రకం కాదు. వారం తిరక్కుండా ఒక సంచీ తెచ్చింది. లోపల అరచేతిలో ఇమిడే పలకరాయి ముక్కలు, గోడబిళ్ల మాదిరిగా పోసినవే. ఒకసారి తడిపితే సగం రోజు చల్లగా ఉండి అదే వాసన ఇస్తాయి. కాశింబీని బస్సు షెల్టరుకి తీసుకెళ్లి చేతిలో ఒక రాయి పెట్టింది. పిల్ల కళ్లు మూసుకుని ఒక్కసారి వాసన పీల్చి పాఠం మొత్తం ఒప్పజెప్పింది. మా సోషల్ మాస్టారు చప్పట్లు కొట్టాడు. పరీక్ష హాల్లోకి సెల్ ఫోన్ రానివ్వరు గానీ రాయిని ఎవరు ఆపుతారక్కా అని సుభాషిణి నన్ను పట్టుకుని గిర్రున తిప్పింది.

నేను మాత్రం కాశింబీ చెయ్యి చూస్తున్నాను. ఆ రాయిని ఎంత గట్టిగా పట్టుకుందంటే వేళ్లు తెల్లబడిపోయాయి.

పరీక్ష అయిపోయాక ఏం చేస్తుందే అని అడిగాను. ఇంకో రాయి ఇద్దాం అంది సుభాషిణి. హాస్టల్లో, కాలేజీలో, ఉద్యోగంలో, రేపు తన బిడ్డకి ఎక్కం చెప్పేటప్పుడు? అన్నాను. అప్పటికి ఇంకేదైనా కనిపెడతాలే అంది. నాకు ఒళ్లు మండింది.

"కుంటికాలికి ఇచ్చే ఊతకర్ర కాదే ఇది. బాగున్న కాలికి నువ్వు కట్టిన కర్ర," అన్నాను.

సంచీ లాక్కుని ఆఫీసు బీరువాలో పెట్టి తాళం వేశాను. తన పనంతా తప్పంటున్నానా అని అరిచింది. తప్పనలేదు, సగంలో ఆపావంటున్నాను అన్నాను. పిల్లల్ని హాయిగా కూర్చోబెట్టడంతో బడి కట్టడం అయిపోదు, ఆ పిల్లలు ఒకరోజు తలుపు తీసుకుని బయటికి పోవాలి, ఆ తలుపు నువ్వు పెట్టలేదు అన్నాను. సుభాషిణి రెండ్రోజులు నాతో మాట్లాడలేదు. మా అమ్మ ఉన్నప్పుడు ఇలాంటివి ఆమె తీర్చేది. ఇప్పుడు ఎవరు ముందు మాట్లాడాలో మాకు తెలియదు.

చివరికి అదే వచ్చింది, చేతిలో గోడ ప్లాను కాగితాలు పట్టుకుని. గోడని ఉన్నపళాన ఆపేస్తే పిల్లలకి ఉన్నది కూడా పోతుందట. ముడి విప్పాలి కానీ తెంపకూడదు. గోడ ఇవాళ త్రిభుజాలకి త్రిభుజాల గాలి ఇస్తుంది, రేపు నదుల గాలి ఇస్తుంది. ఎల్లుండి ఆలస్యంగా ఇస్తుంది. వారం వారం కొంచెం కొంచెం తగ్గించి ఒకరోజు ఊరికే గోడలా నిలబడుతుంది. పిల్లకి సైకిల్ నేర్పేటప్పుడు వెనక పట్టుకున్న చెయ్యి ఎప్పుడు వదిలామో తెలియనివ్వం చూడు, అట్టా అంది. బాగుంది, మరి పరీక్షలోపు అవుతుందా అని అడిగాను. తెలియదు అంది. చెల్లెలి నోట ఆ మాట నేను మొదటిసారి విన్నాను.

కాశింబీని బడికి తీసుకురావడం నా వంతు. షెడ్డుకి వెళ్లి మిషను పక్కన స్టూలు వేసుకుని కూర్చున్నాను. నీకు వచ్చో గోడకి వచ్చో తేల్చుకుందాం రా, గోడకే వస్తే నేనే మీ నాన్నతో చెప్పి ఇక్కడ పనిలో పెట్టిస్తాను అన్నాను. నాగూర్‌వలి వద్దని చేత్తో సైగ చేశాడు. ఆ పిల్ల మాత్రం పంతానికి వచ్చింది. పంతం ఉన్న పిల్లలంటే నాకు మొదటినుంచీ ఇష్టం.

ఆ వారాలు నేను జన్మలో మర్చిపోను. పొద్దున గోడ దగ్గర, మధ్యాహ్నం ఊళ్లో ఎక్కడపడితే అక్కడ పాఠాలు పెట్టాం. బస్సు షెల్టరులో, రేషను షాపు వరండాలో, పశువుల ఆస్పత్రి ముందు. దూడ అరుస్తుంటే నేను రసాయన సమీకరణాలు చదివించాను. మార్కులు నేలకి దిగిపోయాయి. గోడ మోసం చేస్తా ఉంది మేడం అని పిల్లలు ఫిర్యాదు చేశారు. మా పిల్లల్ని బజార్ల వెంట తిప్పుతున్నారేమిటని తల్లిదండ్రులు గేటు దగ్గర నిలదీశారు. పై అధికారి ఒకాయన ఫోన్ చేసి, రాష్ట్రమంతా పెట్టబోయే గోడని మీరు చెడగొడుతున్నారట కదా అన్నాడు. అవును సార్, చక్కగా చెడగొడుతున్నాం, చూడటానికి రండి అన్నాను. ఆయన రాలేదు.

కాశింబీ రోజూ వచ్చింది, ఏ ప్రశ్నకీ లేవలేదు. ఒక పొద్దున పాఠం మధ్యలో ఎడమ చెయ్యి గోడకి ఆనించి, ఉలిక్కిపడి తీసేసింది. మళ్లీ ఆనించి చూసింది. ఆ రోజు గోడ చెమర్చలేదు, పొడిగా ఉంది. పీరియడు అయ్యాక నా దగ్గరికి వచ్చి మెల్లిగా అడిగింది.

"గోడకి నా మీద కోపమొచ్చిందా మేడం?"

వెనక కుర్చీలో కూర్చుని గోడ లెక్కలు చూసుకుంటున్న సుభాషిణి లేచి బయటికి వెళ్లిపోయింది. కుళాయి దగ్గర ముఖం కడుక్కుంటూ చాలాసేపు ఉండిపోయింది. నేను దగ్గరికి వెళ్తే, నేను రాళ్లకి ప్రేమ నేర్పానక్కా, ఆ పిల్లకి సమాధానం ఏం చెప్పాలి అని ఏడ్చింది. ఏమీ చెప్పక్కర్లేదు, పని కానివ్వు అన్నాను. పైకి అట్టా అన్నానే గానీ ఆ రోజు నాకూ అన్నం సహించలేదు.

సంక్రాంతి సెలవులు అయిపోయి పెళ్లిళ్లు మొదలయ్యాయి. ఒకరోజు కళ్యాణ మండపంలో మూలకి జాగా ఇచ్చారు. ఒక పక్క గిన్నెలు తోముతున్నారు, ఇంకో పక్క సన్నాయి మేళం వాళ్లు శ్రుతి సరిచూసుకుంటున్నారు. మసాలా ఘాటు. ఈ గోలలో ఏం చెప్తాంలే అనుకుంటూనే, పైథాగరస్ సిద్ధాంతం ఎవరు నిరూపిస్తారని అడిగాను. కాశింబీ లేచింది.

నేల మీద సుద్దముక్కతో త్రిభుజం గీసింది. ఒక అక్షరం తప్పు పెట్టి దిద్దుకుంది. సగంలో ఆగి, పెదవి కొరుక్కుని, వెనక్కి వెళ్లి మళ్లీ మొదలుపెట్టింది. అది నేను చెప్పిన నిరూపణ కాదు, గోడ దాచిపెట్టిన నిరూపణా కాదు. చతురస్రాలు ముక్కలు చేసి, షెడ్డులో బిళ్లలు పేర్చినట్టు ఒకదాని పక్కన ఒకటి పేర్చి చూపించింది. వంకరటింకరగా ఉంది. సరిగ్గా ఉంది. డోలు వాయించే ఆయన కూడా వాయించడం ఆపి చూస్తున్నాడు. నాకు ఏడుపు ఆగలేదు, ఆపుకోవాలనీ అనిపించలేదు. పిల్లలందరి ముందూ కొంగుతో కళ్లు తుడుచుకున్నాను.

ఆ రోజు ఒక్క సిద్ధాంతమే. మిగతావన్నీ ఒక్కొక్కటిగా వచ్చాయి, కొన్ని రానేలేదు. పరీక్షలు దగ్గరపడేసరికి తోడుగోడ పూర్తిగా ఊరికే నిలబడింది. పిల్లల్లో సగం మంది అది ఆగిన రోజు కూడా గమనించలేదు. కాశింబీ ఇళ్లలో, వరండాల్లో, బస్సులో జవాబులు చెప్పేది. ఒంగోలు లాంటి పరీక్ష హాల్లో మాత్రం ఆ పిల్లని మళ్లీ కూర్చోబెట్టి చూడలేదు. కొత్త హాలు, కొత్త మనుషులు, గంట కొట్టగానే మూసుకునే తలుపు, వీటిని ముందుగా చేసి చూపించడం మా వల్ల కాలేదు.

ఆ ఏడాది మొదటి పరీక్షే లెక్కలు. ఆ రోజున సెంటరు గేటు దగ్గర నిలబడ్డాను. మండలంలో పాత హైస్కూలు అది. గోడలు పెచ్చులూడి ఉన్నాయి, కిటికీలకి గెడలు లేవు, గాలి దుమారంగా ఉంది. సుభాషిణి కూడా వచ్చింది. నాగూర్‌వలి పని మానుకుని వచ్చి చెట్టు కింద కూర్చున్నాడు, కూతురు కంటపడకుండా. అంతా తెలిసినదాన్ని, ధైర్యం చెప్పాల్సినదాన్ని, నేనే గేటు ముందు అటూ ఇటూ తిరుగుతున్నాను. రాకపోతే? ఇంకోసారి తెల్లకాగితం ఇచ్చి వస్తే ఈ పిల్ల జన్మలో పుస్తకం ముట్టదు. ఆ సీటుతో పాటు ఆ పిల్లా పోతుంది.

బీరువాలోని రాయి ఒకటి పొద్దునే నా సంచీలో పెట్టుకున్నాను. కుళాయి కింద తడిపి, చేతిరుమాల్లో చుట్టి కాశింబీ చేతిలో పెట్టబోయాను. సుభాషిణి నా ముంజేయి పట్టుకుంది.

"వద్దక్కా. చదువు వచ్చేసిన పిల్లకి ఎందుకు?"

రాళ్లు కనిపెట్టినదే వద్దంటోంది, తాళం వేసినదాన్ని నేను ఇస్తున్నాను. సిగ్గేసింది. అయినా వినలేదు. ఒకవేళ అవసరం పడితే వాడుకోవే అని కాశింబీ అరచేతిలో పెట్టి వేళ్లు మూశాను. ఆ పిల్ల నన్నూ రాయినీ ఒకసారి చూసి, సరే మేడం అని జేబులో వేసుకుని లోపలికి పోయింది. సుభాషిణి నా ముంజేయి వదిలేసింది. బయట సోడా బండి దగ్గర నాకు ఒక నిమ్మసోడా కొట్టించి, తనూ ఒకటి పట్టుకుని నా పక్కన నిలబడింది.

పరీక్ష జరుగుతున్నంతసేపూ లోపల ఎక్కడో కిటికీ తలుపు ఠపీ ఠపీమని కొట్టుకుంది. ప్రతి దెబ్బకీ నా గుండె ఉలిక్కిపడేది. ఆ చప్పుడులో పిల్లలు ఎట్టా రాస్తారే, కట్టినవాడికి బుద్ధుండక్కర్లేదా అని తిట్టుకున్నాను. తోడుగోడ అయితే ఆ చప్పుడుని గది బయటే మింగేసేది. కాసేపటికి అది ఆగిపోయింది. ఎప్పుడాగిందో నేను చూసుకోలేదు.

గంట కొట్టారు. పిల్లలు గుంపుగా బయటికొచ్చారు. కాశింబీ చివర్లో వచ్చింది, అదనపు కాగితాలు అడిగి తీసుకుని గంట కొట్టేదాకా రాస్తూనే ఉందట. చెట్టు కింద నుంచి నాగూర్‌వలి లేచి నిలబడ్డాడు. ఫలితాలు ఎండాకాలంలో వచ్చాయి. సీటు వచ్చింది, ఆయన మళ్లీ టీలు ఇప్పించాడు. రాష్ట్రంలో ఆ తర్వాత కట్టిన ప్రతి బడిలోనూ ఆరో తరగతి గోడ మాట్లాడుతుంది, తొమ్మిదో తరగతి గోడ నసుగుతుంది, పదో తరగతి గోడ నోరు మూసుకుంటుంది. ఆ గదుల్లో ఫ్యాను ఎంత కిర్రుమనాలో, కిటికీ ఎంత కొట్టుకోవాలో కూర్చుని గీసింది సుభాషిణే. అవన్నీ తర్వాతి సంగతులు. నాకు మాత్రం ఆ గేటు దగ్గరే తెలిసిపోయింది.

ముందుగా ఆ పిల్ల జేబు వైపు చూశాను. చదునుగా ఉంది. చేతుల్లో అట్ట, పెన్నులు తప్ప ఏమీ లేవు. గుండె చిక్కబట్టుకుని, రాయేదే, దాంతో పని పడిందా అని అడిగాను.

"పడింది మేడం," అంది కాశింబీ. "కిటికీ ఒకటే కొట్టుకుంటా ఉంటే సందులో పెట్టా."